పాత కంప్యూటర్లు: వాని జ్ఞాపకము, వాని బంధుత్వము



నేడు నేను ప్రసంగింపనున్న విషయము మొదట వినునప్పుడు మనకు సంబంధింపనిదిగా తోచవచ్చును. మన బొల్లాపల్లి పల్నాటిలోని మెట్టప్రాంతము. ఒకప్రక్క నల్లమల కొండలు, మరియొకప్రక్క మిరప, ప్రత్తి, కంది చేలు. వాన కురిసిన పంట, కురియనిచో పస్తు. ఇట్టి చోట నలువది యేండ్ల క్రిందటి కంప్యూటర్ల ముచ్చట యేల యని మీ రడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కావున సమాధానము ముందుగానే మనవి చేసెదను.

నేడు మన భూముల వివరములు, రిజిస్ట్రేషను దస్తావేజులు, బ్యాంకి అప్పుల లెక్కలు, పింఛనుల పట్టికలు సర్వమును కంప్యూటర్లలోనే యున్నవి. ఆంధ్రప్రదేశమున 1998లో రిజిస్ట్రేషను శాఖవారు 'కార్డ్' అను పేర దస్తావేజుల పనిని ఈ యంత్రములకు అప్పగించిరి. తాతలనాటి దస్తావేజు కాగితము మీద నున్నది. కండ్లజోడు పెట్టుకొని ఎవరైనను చదువుకొనవచ్చును. కాని యంత్రము వ్రాసినదానిని యంత్రమే చదువవలెను. నేటి యంత్రము పాడై రేపు క్రొత్తది వచ్చినప్పుడు, పాతదాని వ్రాత క్రొత్తదానికి తెలియునా? తెలియనిచో ఆ వ్రాత యేమి కావలెను? 1980 ప్రాంతమున ఇండ్లలోనికిని బడులలోనికిని వచ్చిన చిన్న కంప్యూటర్ల చరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానము స్పష్టముగా కానవచ్చును. అందుచేతనే ఆ కథను ఎత్తుకొనుచున్నాను.

కంప్యూటరునకు ముఖ్యాంగములు రెండు. మొదటిది ప్రోసెసరు. ఇది ఆజ్ఞలను ఒకదాని తరువాత నొకటిగా చదివి నెరవేర్చును. రెండవది మెమరీ, అనగా జ్ఞాపకము. ఆజ్ఞలును, అంకెలును, అక్షరములును నిలువయుండు చోటిది. మెమరీని అనేకమైన చిన్న అరలుగల బీరువాగా ఊహించుకొనుడు. ఒక్కొక్క అరలో ఇంగ్లీషు అక్షర మొక్కటి పట్టును. ఆ అరకు బైటు అని పేరు. 1,024 బైట్లు కూడిన ఒక కిలోబైటు. ప్రతి అరకును ఒక సంఖ్య కలదు. ప్రోసెసరు ఆ సంఖ్యతోనే అరను పిలుచును. సంఖ్యను తీగల మీదుగా పంపును. ఒక్కొక్క తీగ 'కలదు', 'లేదు' అను రెండు మాటలే చెప్పగలదు. కావున తీగ యొకటి హెచ్చినప్పుడెల్ల పిలువదగిన అరలు రెట్టింపగును. 12 తీగలతో 4,096 అరలు; 16 తీగలతో 65,536 అరలు, అనగా 64 కిలోబైట్లు. అంతకు మించిన అరలు బీరువాలో నున్నను ఆ ప్రోసెసరునకు కానరావు. ఈ యొక్క సంగతి మనసున నిలుపుకొన్నచో తక్కినదంతయు సుబోధమగును.

మన తెలుగునాట ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. పశ్చిమగోదావరి మండలములోని మోగల్లున జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వమున 1967లో హైదరాబాదునందు ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడెను. టీడీసీ-12, టీడీసీ-316 అను కంప్యూటర్లు ఈ సంస్థ పేర వెలువడినవే. కాని యవి ప్రయోగశాలలకును, పెద్ద కార్యాలయములకును ఉద్దేశింపబడినవి. బల్లమీద పెట్టుకొని పిల్లలు సైతము వాడదగిన యంత్రములు రావలెనన్న చౌకయైన ప్రోసెసర్లు రావలసియుండెను. 1974లో ఇంటెల్ వారి 8080, 1975లో మాస్ టెక్నాలజీ వారి 6502, 1976లో జైలాగ్ వారి జడ్-80 ఆ కొరతను తీర్చినవి.

వీనిలో బంధుత్వము చూడుడు. 8080 రచనలో ముఖ్యుడైన ఫెడెరికో ఫాగిన్ అనునాతడే ఇంటెల్ సంస్థను వీడి జైలాగును స్థాపించి జడ్-80ని చేయించెను. 8080 ఎరిగిన ఆజ్ఞలను జడ్-80 ఎరుగును. అదిగాక క్రొత్త యాజ్ఞలును కొన్ని నేర్చినది. తండ్రి మాట కొడుకునకు తెలియును; కొడుకు పట్టణమునకు పోయి నేర్చివచ్చిన మాట తండ్రికి తెలియదు. కంప్యూటర్లలో అనుకూలత యన్న నిదియే. ఇక 6502 వేరొక వంశము. దానికి వ్రాసిన ఆజ్ఞలు జడ్-80కి అరవదేశపు బాటసారి మాటలవలె నుండును. ధ్వని వినబడును, అర్థము బోధపడదు.

ఇంగ్లండునందు బీబీసీ రేడియో సంస్థవారు ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పదలచి, కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అను చిన్న సంస్థచేత ఒక యంత్రమును చేయించిరి. 1981 డిసెంబరులో వెలువడిన ఈ బీబీసీ మైక్రోలో 6502 ప్రోసెసరు కలదు. మన భారత ప్రభుత్వము 1984-85లో 'క్లాస్' అను పథకము క్రింద ఈ యంత్రములనే దేశమందలి ఉన్నత పాఠశాలలకు పంపెను. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్సు వారు వీనిని 'యూనికార్న్' అను పేర మనదేశముననే కూర్చిరి. ఆ బడుల పిల్లలలో కొందరు మొట్టమొదట తాకిన కంప్యూటరు ఇదియే.

దీని ప్రోసెసరు చూడగల అరలు 64 కిలోబైట్లు మాత్రమే. అందులో సగము, అనగా 32 కిలోబైట్లు వ్రాసి చెరుపుకొనదగిన మెమరీ. తక్కిన సగము యంత్రమును నడపు శాశ్వతమైన ఆజ్ఞలకును, బేసిక్ అను భాషకును కేటాయింపబడినది. ఆ 32 కిలోబైట్లలోనే తెరమీది బొమ్మయు నిలువయుండవలెను. సొగసైన బొమ్మ కావలెనన్న 20 కిలోబైట్లు బొమ్మకే చెల్లును. యంత్రము తన సొంత పనులకు 3,584 బైట్లు పట్టుకొనును. మిగిలినవి 8,704 బైట్లు. ఒక పుటకు 1,500 గుర్తుల చొప్పున లెక్కించినచో ఇవి ఆరు పుటలైన నిండవు. ఆ జాగాలోనే ప్రోగ్రామును, దాని లెక్కలును ఇమిడిపోవలెను. అక్షరములు మాత్రమే చూపు తెర చాలునన్నచో దానికి ఒక్క కిలోబైటుతోనే సరిపోవును. ఇరుకింటిలో మంచమా, ధాన్యపు గాదెయా అని యెంచుకొను గృహస్థునివలె ప్రోగ్రాము వ్రాయువాడు బొమ్మయా, లెక్కయా అని యెంచుకొనవలసివచ్చెను.

ఇందులో నేను కన్నులార చూచిన చిక్కొకటి కలదు. ఒక బడిలో మార్కుల పట్టిక చేయు ప్రోగ్రాము టేపు క్యాసెట్టునుండి యెక్కించుకొని చక్కగా పనిచేయుచుండెను. కొంతకాలమునకు వారికి డిస్కు నడపు పెట్టె వచ్చెను. అందరును సంతోషించిరి. కాని ఆ ప్రోగ్రామునే డిస్కునుండి యెక్కింపగా యంత్రము 'నో రూమ్', అనగా 'చోటు లేదు' అని తెరమీద వ్రాసి ఊరకుండెను. ప్రోగ్రాములో అక్షరమైన మారలేదు, యంత్రమును అదియే. మరి యేమి జరిగెను? డిస్కు పని చూచు ఆజ్ఞలు తమ సొంత లెక్కలకై 2,816 బైట్లు ఆక్రమించుకొన్నవి. 8,704 బైట్ల జాగా 5,888 బైట్లకు తగ్గిపోయినది. ఇంటికి చుట్టము వచ్చినాడు, కాపురముండువారికి అర తగ్గినది, అంతే. ఎరిగినవారు దీనికొక ఉపాయము చేసెడివారు. ప్రోగ్రాము డిస్కునుండి వచ్చిన పిదప డిస్కుతో పనిలేదు గదా; కావున ప్రోగ్రామును డిస్కువాని జాగాలోనికి జరిపి నడిపించెడివారు. సదుపాయము హెచ్చినప్పుడు పాత వస్తువు పనికిరాకపోవుట యెట్లో ఈ చిన్న యుదాహరణము చెప్పుచున్నది.

చూపునకు అందని మెమరీని వాడుకొనుటకు వేరొక మార్గము కనుగొనబడినది. ఒక ఇంటికి వాకిలి యొకటే, వెనుక కొట్లు అనేకములు గలవనుకొనుడు. కొట్లకు చక్రములు తగిలించి, కావలసిన కొట్టును వాకిలియెదుటికి త్రిప్పి తెచ్చుకొనినచో, వాకిలి యొకటైనను కొట్లన్నియు అక్కరకు వచ్చును. బీబీసీ యంత్రమున శాశ్వతాజ్ఞల చిప్పులకు 16 కిలోబైట్ల వాకిలి యొకటి యుండెను. 16 కొట్ల వరకు దాని యెదుటికి త్రిప్పవచ్చును. సింక్లెయిర్ వారి స్పెక్ట్రమ్ 1982లో 48 కిలోబైట్ల మెమరీతో పేరుపొందినది. దాని తమ్ముడు 128 కిలోబైట్ల స్పెక్ట్రమ్ 1985లో స్పెయినునందును, 1986లో బ్రిటనునందును వెలువడెను. దానిలోని జడ్-80కిని 64 కిలోబైట్ల చూపే గలదు. ఆ చూపులో పై 16 కిలోబైట్ల వాకిలిగుండ ఎనిమిది కొట్లను త్రిప్పుకొనుట దాని పద్ధతి. అన్నగారి ప్రోగ్రాము నడుపవలసివచ్చినప్పుడు, కొట్లు త్రిప్పు చక్రమునకు తాళము వేసికొని అచ్చముగ అన్నవలె ప్రవర్తించును. మరల మొదటినుండి యంత్రమును నడుపువరకు ఆ తాళము రాదు. ముందుచూపుగల యేర్పాటన్న నిది.

1981 ఆగస్టులో ఐబీఎం వారి పర్సనల్ కంప్యూటరు వచ్చెను. దాని 8088 ప్రోసెసరునకు 20 తీగలు. చూపు 10,48,576 అరలు. అందులో 640 కిలోబైట్లు ప్రోగ్రాములకును, తక్కినవి తెరకును శాశ్వతాజ్ఞలకును విడిచిరి. ఒక్కొక్క అరను పిలుచుటకు రెండు సంఖ్యలు కావలెను. మొదటిదానిని 16చేత గుణించి రెండవదానిని కూడవలెను. మన పొలమును 'చెరువుగట్టునుండి ఇన్ని బారలు' అనియు, 'రాతిదిమ్మెనుండి ఇన్ని బారలు' అనియు పలువిధముల చెప్పినట్లే, ఒకే అరకు పలు పేరులు కలిగినవి. ఈ రెండు సంఖ్యలను మిక్కిలి పెద్దవిగా తీసికొన్నచో మొత్తము 20 తీగల హద్దును దాటిపోవును. అప్పుడేమగును? తీగ లేదు గనుక పై యంకె లోపించి, లెక్క మరల సున్నవద్దనుండి మొదలగును.

ఇది మీకు తెలిసిన సంగతియే. అక్షయ తరువాత మరల ప్రభవ వచ్చును గదా! పాత కాగితములో 'ప్రభవ నామ సంవత్సరము' అని మాత్రమే యున్నచో అది 1927లో వచ్చిన ప్రభవయో, 1987లో వచ్చిన ప్రభవయో చెప్పజాలము. 8088కి ఎన్నవ ఆవృత్తియో తెలుపు తీగ లేదు. కొందరు ప్రోగ్రాములు వ్రాయువారు ఈ లోపమునే ఉపాయముగా వాడుకొనిరి. హద్దు దాటించి మొదటి అరలను చేరుచుండిరి. 1984లో ఐబీఎం వారు 80286 ప్రోసెసరుతో క్రొత్త యంత్రమును చేసిరి. దీనికి 24 తీగలు. హద్దు దాటిన సంఖ్య నిజముగనే హద్దు దాటి, ఆవలి అరకు పోయెను. పాత ప్రోగ్రాములు దారి తప్పెను. అందుచేత వారు 21వ తీగకొక తలుపు పెట్టి, పాతవానికొరకు దానిని మూసియుంచుట కేర్పాటుచేసిరి. ఆ తలుపు తాళమును ఎవరికిచ్చిరో వినిన నవ్వు వచ్చును. కీబోర్డు పని చూచు చిన్న చిప్పులో ఒక కాలు ఖాళీగా నుండగా దానికిచ్చిరి. కాలువ తూము తాళపుచెవి బడి గంట కొట్టువానియొద్ద నుంచినట్లాయెను! ఆ మీదట తలుపు తెరచినచో హద్దునకు ఆవల 65,520 అరలు దొరకునని గ్రహించి, 1991లో వచ్చిన డాస్ అయిదవ కూర్పులో తన సామగ్రిలో కొంత అక్కడ దాచి, 640 కిలోబైట్ల జాగాను ప్రోగ్రాములకు ఇంచుక విశాలము చేసిరి.

మెకింటాష్ యంత్రముల కథ ఇంకొక విధము. 1984నాటి మెకింటాషులోని 68000 ప్రోసెసరు అరల సంఖ్యలను 32 గడులలో వ్రాయును. కాని బయటికి పోవు తీగలు 24 గడులకు సరిపోవునవే. మిగిలిన యెనిమిది గడులు ఖాళీ. చోటునకు కరవుగా నున్న ఆ దినములలో ఖాళీ గడులను ఊరక విడుచుటేల యని, వానిలో తమ గుర్తులు వ్రాసికొనిరి. 1987లో వచ్చిన మెకింటాష్-2లోని ప్రోసెసరునకు 32 తీగలు. చిట్టాలో అంచున వ్రాసికొన్న గుర్తులను క్రొత్త గుమాస్తా అంకెలుగా చదివి కూడినట్లు, పాత గుర్తులు అరల సంఖ్యలో భాగములయ్యెను. ప్రోగ్రాములను సవరించి, 1991లో క్రొత్త నిర్వాహక వ్యవస్థ వచ్చువరకు ఆ విశాలమైన జాగా పూర్తిగా వాడుకలోనికి రాలేదు.

ఈ కథలన్నిటి సారమేమి? ఖాళీగా నున్నదని అంచున వ్రాసినవాడును, హద్దు దాటి దొడ్డిదారిని పోయినవాడును నాటికి లాభపడిరి. తరువాతి తరము నష్టపడినది. దీనికి ఎదురుగా రాజమార్గము నొకదానిని బీబీసీ యంత్రమే చూపినది. దానిని నిర్మించిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బరు మొదలగువారు 'ట్యూబ్' అను ఒక ద్వారము నుంచిరి. దానికి రెండవ ప్రోసెసరును తగిలింపవచ్చును. అది 6502 కావచ్చును, జడ్-80 కావచ్చును. అప్పుడు ప్రోగ్రాము క్రొత్త ప్రోసెసరులో నడచును. పాత ప్రోసెసరు తెరను, కీబోర్డును, డిస్కును చూచుకొనును. తెరమీద అక్షరము వ్రాయుటకు నిర్వాహక వ్యవస్థను అడిగి వ్రాయించుకొన్న ప్రోగ్రాములు మార్పు లేకయే నడచినవి. అడుగక తామే తెర యరలలో చేయి పెట్టినవి పడిపోయినవి. ఏలయన, క్రొత్త ప్రోసెసరు ఎదుట ఆ తెర లేదు. కరణముగారి నడిగి చిట్టా చూచినవాడు కరణము మారినను పని జరుపుకొనును. చాటుగా పెట్టె తెరచుటకు అలవాటుపడినవాడు పెట్టె చోటు మారిన నాడు చీకటిలో తడుములాడును.

ఆ ద్వారముగుండనే మరియొక మహాకార్యము జరిగినది. విల్సన్, ఫర్బరులు తామే ఒక క్రొత్త ప్రోసెసరును రచించిరి. ఆర్మ్ అని దానికి పేరు. 1985 ఏప్రిల్ 26వ తేదీన మొదటి చిప్పు వచ్చినప్పుడు దానిని బీబీసీ యంత్రపు ట్యూబునకు తగిలించియే పరీక్షించిరి. మన పొలముగట్లమీద మ్రోగు సెల్‌ఫోనులలో నేడు పనిచేయుచున్నవి ఆ వంశపు ప్రోసెసర్లే. నాలుగు గిగాబైట్ల మెమరీగల ఫోను నొకదానిని తీసికొన్నచో, అందులో 1,31,072 బీబీసీ యంత్రముల మెమరీ ఇమిడియున్నది.

అంత విశాలమైన యంత్రము పాత ప్రోగ్రామును నడుపగలదా? స్వయముగా నడుపలేదు, వేషము కట్టి నడుపగలదు. పగటివేషగాడు శక్తివేషము కట్టినప్పుడు నడకయు మాటయు మార్చుకొనును గదా! అట్లే ఎమ్యులేటరు అను ప్రోగ్రాము నేటి యంత్రముచేత 6502 వేషమో, జడ్-80 వేషమో వేయించును. పాత ప్రోగ్రాము తాను పాతయింటనే యున్నానని నమ్మి నడచును. 1985లో వచ్చిన ఇంటెల్ 80386లో ఈ విద్య కొంత ప్రోసెసరులోనే చేర్చిరి. అది ఒక్కటియే యుండి పలు 8086 ప్రోసెసరుల వేషములు కట్టి, ప్రతి ప్రోగ్రామునకును ఒక మెగాబైటు పూర్తిగా నీదే యన్న నమ్మిక కలిగించెను.

కాని వేషము కట్టుటకు మూలము దొరకవలెను. డిస్కుమీది వ్రాత చెరిగిపోయినచో ఏ వేషగాడును దానిని పలికింపలేడు. మన తెలుగు అక్షరములకు ఇంకొక చిక్కుగలదు. యంత్రములో అక్షరము అంకెగా నుండును. ఏ అంకె ఏ అక్షరమో తెలుపు పట్టిక కావలెను. ఒకప్పుడు ఒక్కొక్క సంస్థ తన ఫాంటునకు తనదైన పట్టిక నేర్పరచుకొన్నది. 1991లో ఇస్కీ అను భారతీయ ప్రమాణమును, అదే యేట యూనికోడును వెలువడినవి. యూనికోడులో వ్రాసినది నేడు లోకమందెల్లడ చదువనగును. సొంత పట్టికలతో వ్రాసినవి ఆ పట్టిక లేనిచో పిచ్చిగీతలు.

తాళపత్రములు మన కాలమువరకు నిలిచినది ఆకుల బలముచేత మాత్రమే కాదు. కొన్ని తరములకొకసారి ఎవరో ఒకరు కూర్చుండి, పాత యాకును చదివి క్రొత్త యాకుమీద గంటముతో ఎక్కించిరి, మాతృకతో సరిచూచిరి. యంత్రములోని వ్రాతకును ఆ ధర్మమే వర్తించును. కావున గ్రామములో పెద్దరికము వహించు మీకు మూడు మాటలు విన్నవించుకొనుచున్నాను.

మొదటిది: సహకార సంఘముగాని, బడిగాని, గుడిగాని క్రొత్త కంప్యూటరు కొనినప్పుడు, పాతదాని లెక్కలు క్రొత్తదానిలో తెరచి చదివి సరిచూచువరకు పాతదానిని అమ్మనీయకుడు. రెండవది: లెక్కలను ఒక్క ప్రోగ్రామునకే తెలిసిన రూపమున గాక, యూనికోడు తెలుగులో, సాదా పట్టికగా కూడ నొక ప్రతి యుంచుమని అడుగుడు. ఏ యంత్రమైనను చదువదగిన రూపమదియే. మూడవది: భూమికిని, అప్పునకును, వారసత్వమునకును సంబంధించిన ముఖ్యమైన కాగితము ప్రతి నొకదానిని అచ్చు తీయించి యింట భద్రపరచుకొనుడు. కాగితమును చదువుటకు కన్నులు చాలును.

యంత్రములు మారుట తప్పదు. తండ్రి మాట కొడుకునకు తెలియునట్లు ముందుగా ఏర్పాటు చేసికొనుట మన చేతిలోనున్న పని. ఇది చదువుకొన్న కుఱ్ఱవాండ్ర వ్యవహారమని మీరు ఊరకుండవలదు. ఏ కాగితము నిలువవలెనో యెరిగినవారు మీరు. అడుగవలసిన ప్రశ్నను మీరడుగుడు; యంత్రమును త్రిప్పు పనిని వారు చూచుకొందురు.